కట్టేదెక్కడ... ఆసరా దక్కేదెక్కడ!

జీతంలో పైసా కోయని దేశం, పని అయిపోగానే టికెట్టు చేతిలో పెట్టి పంపేస్తుంది. జీతంలో పెద్ద వాటా తీసుకునే దేశం, బిడ్డ పుట్టిన రోజు నుంచీ వెన్నంటి ఉంటుంది. ఈ రెండింటి మధ్యలో రకరకాల దేశాలు, రకరకాల ఏర్పాట్లు. తెలుగువాళ్లు ఇప్పుడు అన్ని చోట్లా ఉన్నారు. కాబట్టి ఇది మన ఇంటి లెక్క కూడా.

ఒకటో తారీఖు. తెల్లారీ తెల్లారకముందే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో సచివాలయం ఉద్యోగి తలుపు తడతారు. మంచం మీద కూర్చున్న పెద్దావిడ వేలిముద్ర వేస్తుంది. నాలుగు వేల రూపాయలు చేతిలో పడతాయి. మందులకింత, కిరాణా కొట్టు బాకీకింత, మనవరాలి చేతిలో పెట్టడానికింత అని లెక్క చూసుకుని కొంగున ముడేసుకుంటుంది.

అదే వీధిలో మరో మూడు ఇళ్లు ఊహించుకుందాం. ఒక ఇంటి అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. జీతం చీటీలో ప్రతిసారీ సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం, మెడికేర్ కింద 1.45 శాతం కోత పడుతుంది. రెండో ఇంటాయన దుబాయ్‌లో ఏసీ మెకానిక్. ఆయన జీతంలో ఆదాయపు పన్ను అన్న మాటే లేదు. మూడో ఇంటి అమ్మాయి జర్మనీలోని మ్యూనిక్‌లో ఇంజినీరు. పింఛను, ఆరోగ్యం, నిరుద్యోగం, వృద్ధాప్య సంరక్షణ అంటూ నాలుగు బీమాలకు కోతలు, ఆపైన ఆదాయపు పన్ను.

ముగ్గురూ సంక్రాంతికి ఊరొచ్చి అరుగు మీద కూర్చుంటే మాటలు చివరికి 'చేతికెంతొస్తుంది' అన్న దగ్గరికి వస్తాయి. ఆ లెక్కన దుబాయ్‌దే పైచేయి. 'మంచాన పడితే ఎవరు చూస్తారు' అని అడిగితే మాట మ్యూనిక్ వైపు మొగ్గుతుంది. 'పదేళ్లు నిండకుండా తిరిగొచ్చేస్తే నువ్వు కట్టిందేమవుతుంది' అంటే డాలస్ అబ్బాయి మౌనంగా ఉండిపోతాడు. ఇక వీధి చివరి పెద్దావిడ ఏమీ కట్టకుండానే తీసుకుంటోందని ఊళ్లో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంత తప్పో తెలియాలంటే ముందు ప్రపంచం ఎలా నడుస్తోందో చూడాలి.

ఒకే అవసరం, వేర్వేరు దారులు

మొదటి దారి జర్మనీది. అక్కడి ఛాన్సలర్ బిస్మార్క్ సోషలిస్టులకు మిత్రుడేమీ కాదు. 1878లో చట్టం తెచ్చి వాళ్ల సంఘాలనూ సభలనూ నిషేధించినవాడు. కార్మికులు అటు పోకుండా ఉండాలంటే వాళ్లకు రాజ్యమే భరోసా ఇవ్వాలని ఆలోచించాడు. 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో డెబ్బై ఏళ్లు నిండినవారికి పింఛను తెచ్చాడు. చందా కొంత కార్మికుడిది, కొంత యజమానిది. ఎంత కడితే దానికి తగ్గట్టు వస్తుంది. మన పీఎఫ్, ఈఎస్ఐ ఈ కోవలోవే.

రెండో దారి బ్రిటన్‌ది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1942లో విలియం బెవరిడ్జ్ ఒక నివేదిక ఇచ్చారు. లేమి, రోగం, అజ్ఞానం, మురికి, నిరుద్యోగం అనే ఐదుగురు రాక్షసులతో పోరాడాలన్నది దాని సారం. 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. వైద్యం కోసం వచ్చిన మనిషిని నువ్వు చందా కట్టావా అని అడగక్కర్లేదు, ఈ దేశంలో నివసిస్తున్నావా అన్నదే చాలని ఆ సేవ తేల్చింది. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ ఇదే ఆలోచనను మరింత దూరం తీసుకెళ్లాయి.

మూడోది అమెరికా దారి. ఎవరి బతుకు వాళ్లు చూసుకోవాలి, జారిపడినవాళ్లను మాత్రం సర్కారు పట్టుకుంటుంది. ముసలితనానికి చందా పద్ధతి ఉన్నా, మిగతా సాయాల్లో చాలావాటికి పేదరికాన్ని రుజువు చేసుకోవాలి. డెన్మార్క్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త గోస్టా ఎస్పింగ్ ఆండర్సన్ 1990లో రాసిన పుస్తకంలో సంక్షేమ రాజ్యాలను దాదాపు ఇలాగే మూడు ప్రపంచాలుగా విడదీశారు. మనవాళ్లకు బాగా తెలిసిన నాలుగో దారి కూడా ఉంది. అది గల్ఫ్. అక్కడ ఖజానా చమురుతో నిండుతుంది. కువైట్ పౌరుడికి వైద్యం, ఇంటి సాయం, సబ్సిడీ సరుకులు అందుతాయి. అదే ఇంట్లో వంట చేసే కోనసీమ మహిళకు ఆ హక్కుల్లో వాటా లేదు.

ఈ తేడాలు పన్నుల్లో కనిపిస్తాయి. జీడీపీలో పన్నుల వాటా డెన్మార్క్, ఫ్రాన్స్‌లలో 40 శాతం దాటుతుంది. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ సగటు 34 శాతం దగ్గర ఉంటుంది. అమెరికాలో అది పాతిక శాతం పైచిలుకు. మన దేశంలో కేంద్రం, రాష్ట్రాలు కలిపి వసూలు చేసేది 17, 18 శాతం.

స్వీడన్, డెన్మార్క్ లాంటి నార్డిక్ దేశాలు కోటీశ్వరుల దగ్గర తీసుకుని పేదలకు పంచుతాయని మనలో చాలామంది అనుకుంటారు. అక్కడ జరిగేది అది కాదు. డెన్మార్క్‌లో బియ్యం కొన్నా, మందులు కొన్నా, కారు కొన్నా ఒకటే వ్యాట్, 25 శాతం. పింఛను మీదా, నిరుద్యోగ భృతి మీదా ఆదాయపు పన్ను ఉంటుంది. అందరూ కడతారు, అందరూ తీసుకుంటారు. డాక్టరు గారి బిడ్డా, బస్సు డ్రైవరు బిడ్డా ఒకే శిశు కేంద్రానికి వెళతారు. పేదలకే అని గిరి గీసిన పథకాలకన్నా అందరికీ వర్తించే పథకాలే పేదరికాన్ని ఎక్కువగా తగ్గిస్తాయని స్వీడన్ పరిశోధకులు వాల్టర్ కోర్పి, యోకిమ్ పాల్మే 1998లో వాదించారు. కారణం అర్థం కానిదేమీ కాదు. తానూ వాడుకునే బడి, ఆసుపత్రి పాడైతే మధ్యతరగతి ఊరుకోదు. పన్ను కట్టడానికీ అంతగా గొణగదు.

బిడ్డ పుడితే

ఫిన్లాండ్‌లో 1938 నుంచి కాబోయే తల్లికి సర్కారు ఒక అట్టపెట్టె ఇస్తోంది. అందులో పసిబిడ్డకు కావాల్సిన బట్టలు, దుప్పటి, చిన్న పరుపు ఉంటాయి. ఆ పెట్టెలోనే పరుపు వేసి బిడ్డను పడుకోబెట్టినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. మొదట పేద తల్లులకే ఇచ్చేవారు. 1949 నుంచి అందరికీ ఇస్తున్నారు. ముఖ్యమైన షరతు, గర్భిణి నాలుగో నెల నిండేలోగా వైద్య పరీక్ష చేయించుకోవాలి. ఆ పెట్టె కోసం వచ్చిన తల్లి వైద్యుల కంట పడుతుంది. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ వెనక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే పసిబిడ్డ సామగ్రితో పాటు మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు విడతలుగా ఇస్తామన్నారు.

స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది. ఒక బిడ్డకు 480 రోజులు. అందులో 390 రోజులకు జీతంలో దాదాపు 80 శాతం, ఒక పరిమితి మేరకు, సామాజిక బీమా నుంచి వస్తుంది. 90 రోజులు తండ్రివే, 90 రోజులు తల్లివే. వాడుకోకపోతే పోతాయి తప్ప రెండోవారికి బదిలీ కావు. జర్మనీలో 2025లో బిడ్డకు నెలకు 255 యూరోల చొప్పున, ధనిక పేద తేడా లేకుండా ఇచ్చారు.

అమెరికాలో దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టం నేటికీ లేదు. 1993 చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది, అదీ జీతం లేకుండా, అదీ చిన్న సంస్థలను మినహాయించి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా ఏర్పాట్లు చేసుకున్నాయి. ఈ విషయంలో కాగితం మీద మనమే మేలు. 2017 సవరణతో మన దేశంలో తొలి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు ఉంది. కానీ ఈఎస్ఐ లేనిచోట ఆ ఖర్చు యజమాని మీద పడుతుంది, అందేది సంఘటిత రంగంలో పనిచేసేవారికే. మిర్చి చేలో కూలికెళ్లే తల్లి ఆ 26 వారాల గురించి వినను కూడా వినలేదు.

జబ్బు చేస్తే

బ్రిటన్‌లో ఆసుపత్రి బెడ్డు మీద పడుకున్న రోగి బిల్లు గురించి ఆలోచించడు. డబ్బు ముందే పన్నుల రూపంలో వెళ్లింది. జపాన్‌లో 1961 నుంచి ప్రతి ఒక్కరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి. సాధారణంగా ఖర్చులో 30 శాతం రోగి కడతాడు, దానికీ నెలవారీ పరిమితి ఉంది. ముసలివాళ్లు పెరిగిపోతున్న ఆ దేశం 2000 సంవత్సరంలో వృద్ధుల సంరక్షణ బీమా కూడా తెచ్చింది. నలభై ఏళ్లు నిండినవారంతా చందా కడతారు.

అమెరికాలో ఆరోగ్యం ఉద్యోగానికి ముడిపడింది. దీని మూలం యుద్ధకాలంలో ఉంది. 1942లో సర్కారు జీతాల పెంపుపై కట్టడి పెట్టింది. కార్మికులను నిలబెట్టుకోవడానికి యజమానులు ఆరోగ్య బీమాను ఎరగా చూపారు. యుద్ధం ముగిసింది, ఆ అలవాటు ఉండిపోయింది. 1965లో 65 ఏళ్లు దాటినవారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. మిగతావారిలో ఎక్కువమందికి ఉద్యోగమే దిక్కు. ఉద్యోగంతో పాటు బీమా కూడా పోతుందన్న భయం డాలస్ అబ్బాయికి బాగా తెలుసు.

మన దగ్గర 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్ పేదింటికి అందుబాటులోకి తెచ్చింది. 2018లో కేంద్రం కుటుంబానికి 5 లక్షల ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం వైద్యం మీద దేశం పెట్టే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013–14లో 64.2 శాతం, 2021–22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఇది గర్వించాల్సిన మార్పు. అయినా ప్రతి వంద రూపాయల్లో దాదాపు నలభై ఇప్పటికీ రోగి ఇంటివాళ్లే తెస్తున్నారు. ఆపరేషన్‌కు కార్డు ఉంది. రోజూ మింగాల్సిన బీపీ, షుగర్ మాత్రలకు మాత్రం చాలా ఇళ్లలో పింఛను డబ్బే దారి.

పని పోతే

జర్మనీలో చందా కడుతూ వచ్చిన ఉద్యోగికి పని పోతే చేతికొచ్చే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం, మామూలుగా ఏడాది వరకు వస్తుంది. వయసు పైబడినవారికి రెండేళ్ల దాకా ఇస్తారు. డెన్మార్క్‌లో నిరుద్యోగ నిధిలో చేరడం ఎవరిష్టం వారిది. చేరినవారికి పాత జీతంలో 90 శాతం దాకా, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, రెండేళ్ల వరకు అందుతుంది. అక్కడ యజమాని ఉద్యోగిని తీసేయడం కష్టం కాదు, తీసేసినా ఇంట్లో పొయ్యి ఆరదు. యూఏఈ కూడా 2023 నుంచి ఉద్యోగ నష్ట బీమాను తప్పనిసరి చేసింది. మూల వేతనం 16 వేల దిర్హాముల లోపు ఉంటే నెలకు 5 దిర్హాములు కట్టాలి. పని పోతే మూల వేతనంలో 60 శాతం దాకా, మూడు నెలల వరకు ఇస్తారు. ఇది వలస కార్మికులకూ వర్తిస్తుంది. గల్ఫ్‌లో ఇది చిన్న మార్పు కాదు.

అమెరికాలో నిరుద్యోగ భృతి రాష్ట్రాల చేతిలో ఉంది. చాలాచోట్ల గరిష్ఠంగా 26 వారాలు. హెచ్1బీ వీసా మీద ఉన్న మనవాళ్ల సంగతి వేరు. పని పోయాక కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఉన్న గడువు 60 రోజులు. భృతి గురించి ఆలోచించే తీరిక కూడా ఉండదు.

గ్రామీణ పేదకు పని చూపడం సర్కారు బాధ్యత అని చట్టంలో రాసుకున్న దేశం మనది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హక్కు ఇచ్చింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. కరవు సీమలోని ఒక పల్లె నుంచి దేశానికి వెళ్లిన హక్కు అది.

వయసు మళ్లితే

అమెరికా 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం చేసింది. తొలి నెలవారీ చెక్కు 1940 జనవరిలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఐడా మే ఫుల్లర్ అనే న్యాయవాద కార్యాలయ ఉద్యోగినికి వెళ్లింది. మొత్తం 22 డాలర్ల 54 సెంట్లు. ఆమె అప్పటిదాకా కట్టిన చందా 24 డాలర్ల 75 సెంట్లు. నూరేళ్లు బతికిన ఆమె 22 వేల డాలర్లకు పైగా పింఛను అందుకుంది. అది ఆమె పొదుపు సొమ్ము కాదు, అప్పట్లో పని చేస్తున్నవాళ్లు కట్టిన చందా. ఈ తరం కట్టేది పై తరానికి, రేపటి తరం కట్టేది ఈ తరానికి. సింగపూర్‌లో ఇలా ఉండదు. 1955 నుంచి అక్కడ ఎవరి ఖాతా వారిదే.

1975 నుంచి అమెరికా పింఛను ధరలతో పాటు దానంతటదే పెరుగుతోంది. దానికోసం ఎవరూ హామీ ఇవ్వక్కర్లేదు. మన వృద్ధాప్య పింఛనుకు కేంద్రం ఇచ్చే వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. దశాబ్దంన్నరకు పైగా ఆ 200 అలాగే ఉంది. మిగతాది రాష్ట్రాలే వేసుకుంటాయి. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో 4 వేలు, తెలంగాణలో 2,016, మరికొన్ని రాష్ట్రాల్లో వెయ్యి. కృష్ణకు ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ముసలితనం ఒకటే, పింఛను వేరు.

ఎక్కడెంత కోత?

జర్మనీ: పింఛనుకు జీతంలో 18.6 శాతం. ఉద్యోగి, యజమాని చెరిసగం.

అమెరికా: ఉద్యోగి 7.65 శాతం, యజమాని అంతే. ఆదాయపు పన్ను వేరు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు.

సింగపూర్: 55 ఏళ్ల లోపు ఉద్యోగి 20, యజమాని 17 శాతం. పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే.

ఆస్ట్రేలియా: 2025 జులై నుంచి యజమాని 12 శాతం సూపర్ (ఉద్యోగి విశ్రాంత నిధి) కట్టాలి.

యూఏఈ: వ్యక్తిగత ఆదాయపు పన్ను సున్నా. 2018 నుంచి 5 శాతం వ్యాట్.

భారత్: పీఎఫ్‌కు ఉద్యోగి 12, యజమాని 12 శాతం. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయలు.

సరిహద్దు దాటితే

ఈ ఏర్పాట్లన్నీ ఒక మనిషి ఒకే దేశంలో పుట్టి, పనిచేసి, ముసలివాడవుతాడన్న ఊహ మీద కట్టినవి. తెలుగువాళ్ల జీవితం ఇప్పుడు అలా లేదు.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని కావాలి. ఎనిమిదేళ్లు పనిచేసి తిరిగొచ్చినవారికి పింఛను రాదు, కట్టింది వెనక్కీ రాదు. దాదాపు 30 దేశాలతో అమెరికాకు ఉన్న సామాజిక భద్రత ఒప్పందం భారత్‌తో లేదు. జర్మనీ అమ్మాయికి ఆ బెంగ తక్కువ. 2017 మే 1 నుంచి అమల్లో ఉన్న భారత్–జర్మనీ ఒప్పందం రెండు చోట్లా పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కిస్తుంది. ఫ్రాన్స్, జపాన్, కెనడా, ఆస్ట్రేలియాలతోనూ మనకు ఇలాంటి ఒప్పందాలున్నాయి. బ్రిటన్‌తో 2025 జులైలో వాణిజ్య ఒప్పందం కుదిరినప్పుడు, తాత్కాలికంగా వెళ్లిన ఉద్యోగులు ఒక్క దేశంలోనే చందా కడితే చాలన్న ఏర్పాటుకూ అంగీకారం కుదిరింది.

బ్రిటన్‌కు చదువుకోడానికి వెళ్లే విద్యార్థి వీసాతో పాటే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము ముందుగా కట్టాలి. ఉద్యోగికైతే 1,035 పౌండ్లు. ఉద్యోగి అక్కడ పన్ను, జాతీయ బీమా కూడా కడతాడు. అయినా వీసా మీద ఉన్నంతకాలం చాలా ప్రభుత్వ సాయాలు అతనికి వర్తించవు. ఆస్ట్రేలియా నుంచి శాశ్వతంగా తిరిగొచ్చే తాత్కాలిక వీసాదారు సూపర్ సొమ్ము తీసుకోవచ్చు, కానీ సాధారణంగా 35 శాతం పన్ను పోతుంది. గ్రీన్ కార్డు వచ్చిన తల్లిదండ్రులకు కూడా అమెరికాలో చాలా ఫెడరల్ సాయాలకు ఐదేళ్లు ఆగాలని 1996 చట్టం చెబుతోంది.

అందరికన్నా బరువు మోసేది గల్ఫ్ కార్మికుడు. యూఏఈలో చట్టం ప్రకారం తొలి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది గ్రాట్యుటీగా రావాలి. పింఛను లేదు. పాతికేళ్లు ఎండలో పనిచేసి జగిత్యాలకో, సిరిసిల్లకో తిరిగొచ్చిన మనిషికి అక్కడి పాతికేళ్లు ఇక్కడ ఏ ఖాతాలోనూ ఉండవు. ఆయన పంపిన డబ్బుతో ఇల్లు లేచింది, చెల్లెలి పెళ్లయింది, పిల్లల చదువు సాగింది. ఆయన ముసలితనానికి మాత్రం ఏమీ మిగల్లేదు. కేంద్రం ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్లకు 275 రూపాయలతో 10 లక్షల ప్రమాద బీమా ఇస్తుంది. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి 5 లక్షలు ఇస్తోంది. రెండూ మంచివే. అయితే ప్రాణం పోతేనో, ప్రమాదం జరిగితేనో తప్ప అవి అక్కరకు రావు. బతికి తిరిగొచ్చినవాడికీ ఒక ఆసరా కావాలి.

ఆ పెద్దావిడ ఏమీ కట్టలేదా?

ఇప్పుడు వీధి చివరి ఇంటికి వద్దాం. ఆమె ఎప్పుడూ ఆదాయపు పన్ను రిటర్ను వేయలేదు. కానీ 2025 సెప్టెంబరు 22 దాకా ఆమె కొన్న ప్రతి ఒంటి సబ్బు మీదా, టూత్‌పేస్టు మీదా 18 శాతం జీఎస్టీ ఉంది. ఆ తర్వాత 5 శాతం అయింది. ఫోను రీచార్జి మీద ఇప్పటికీ 18 శాతమే. ఆమె తినే ఉప్పూ పప్పూ మోసుకొచ్చిన లారీ డీజిల్‌లో కేంద్ర ఎక్సైజు ఉంది, రాష్ట్ర వ్యాట్ ఉంది. యాభై ఏళ్లు నాట్లు వేసింది, కలుపు తీసింది. ఆమె కూలి తక్కువ కావడం వల్లే ఊళ్లో అన్నం చవకయింది. కోటీశ్వరుడు కట్టే జీఎస్టీ రేటే ఆమెదీ. సంపాదనలో ఎక్కువ భాగం తిండికీ, సరుకులకే పోతుంది కాబట్టి ఆ బరువు ఆమెకే ఎక్కువ.

అందుకే 'ఉచితం' అన్న మాట అబద్ధం. డెన్మార్క్‌లో శిశు కేంద్రాన్ని ఉచితం అనరు, అది తమ పన్ను అంటారు. జర్మనీలో పింఛనును ఉచితం అనరు, అది తమ చందా అంటారు. ఇవ్వడంలో మనం వెనకబడిలేం. దాన్ని హక్కుగా రాసుకోవడంలో వెనకబడ్డాం. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. అది ఒక ప్రభుత్వ నిర్ణయం కాబట్టి తర్వాతి ఏళ్లలో ధరా మారింది, కోటా మారింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చాక అర్హులైన ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు చట్టబద్ధ హక్కు అయింది. ఏ పార్టీ వచ్చినా దాన్ని కాదనలేదు. నాయకుడి పేరు మీద వచ్చిన సాయానికి ఆ నాయకుడి కాలమే ఆయుష్షు. చట్టంలో రాసిన సాయం ఆ తర్వాతా బతుకుతుంది.

కాబట్టి అడగాల్సినవి నాలుగే. వృద్ధాప్య పింఛనును చట్టంలో రాసి, ధరలతో పాటు పెరిగేలా చేయాలి. కేంద్రం తన 200 రూపాయల వాటాను సిగ్గుపడకుండా చెప్పుకోగల స్థాయికి పెంచాలి. అమెరికాతో సామాజిక భద్రత ఒప్పందం సాధించాలి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చేవారికి సర్కారు వాటాతో పింఛను నిధి పెట్టాలి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీ అయినా సరే, ఈ నాలుగింటి మీద నిలదీయండి.

ఇక వచ్చే ఒకటో తారీఖున మీ వీధిలో పింఛను పంచుతుంటే 'ఊరికే ఇస్తున్నారు' అని ఎవరైనా అంటే సరిదిద్దండి. ఆమె కట్టింది. ఆ నాలుగు వేలు ఆమెకు రావాల్సినవే.